యజమాని పోతే వ్యాపారం నంబరు కూడా పోవాలా?

సంపాదకులకు నమస్కారం.

వ్యాపారులకు కాగితాల బరువు తగ్గిస్తున్నామని ప్రభుత్వాలు చెప్పే వార్తలు మీ పత్రికలో తరచుగా చదువుతున్నాను. అవి ఒట్టి మాటలని నేను అనను. 39,000కు పైగా నిబంధనల భారం తగ్గించామని, 3,400కు పైగా చట్ట నిబంధనల్లో నేరం అనే ముద్ర తీసేశామని కేంద్ర ఆర్థిక మంత్రి 2023 బడ్జెట్ ప్రసంగంలో చెప్పారు. అదే ఏడాది వచ్చిన జన్ విశ్వాస్ చట్టం 42 కేంద్ర చట్టాల్లోని 183 నిబంధనలను సవరించి, చిన్న చిన్న పొరపాట్లకు జైలు భయం తగ్గించింది. మన ఆంధ్రప్రదేశ్ సులభతర వ్యాపారం ర్యాంకుల్లో 2016లో తెలంగాణతో కలిసి మొదటి స్థానంలో నిలిచింది. 2018లోనూ 2020లోనూ ప్రకటించిన జాబితాల్లో మళ్లీ మొదటి స్థానం మనదే. ఇవన్నీ సంతోషించాల్సిన విషయాలే.

అయితే ఈ సంస్కరణల గురించి ఎవరు మాట్లాడినా రెండు రకాల మనుషుల గురించే మాట్లాడుతున్నారు. ఒకరు కొత్తగా ఫ్యాక్టరీ పెట్టడానికి వచ్చే పెట్టుబడిదారు. ఇంకొకరు కొత్తగా వ్యాపారం మొదలుపెట్టే యువకుడు. ఎన్ని రోజుల్లో అనుమతి, ఎన్ని గంటల్లో రిజిస్ట్రేషన్ అన్నదే లెక్క. ఏళ్ల తరబడి నడుస్తున్న చిన్న షాపు యజమాని హఠాత్తుగా చనిపోతే, మర్నాడు ఆ షాపు గతి ఏమిటన్నది ఎవరూ అడగడం లేదు. నాకు ఆ మర్నాడు వచ్చింది కాబట్టి ఈ ఉత్తరం రాస్తున్నాను.

తెనాలిలో మాకు వెల్డింగ్ షాపు ఉంది. గ్రిల్లులు, గేట్లు, మెట్ల రెయిలింగులు, రోలింగ్ షట్టర్లు చేస్తాం. ఏడుగురు పనివాళ్లు ఉన్నారు. 2005లో ఒక వెల్డింగ్ మిషను, ఒక డ్రిల్లింగ్ మిషనుతో మా ఆయన దీన్ని మొదలుపెట్టారు. లెక్కల పుస్తకం మొదటి నుంచీ నేనే చూసేదాన్ని. ఎవరి గేటుకు ఎన్ని కిలోల స్క్వేర్ పైపు పట్టింది, ఎవరు అడ్వాన్సు ఇచ్చారు, ఐరన్ షాపుకు ఎంత బాకీ ఉన్నాం, అన్నీ నా చేతిరాతలోనే ఉంటాయి. కాగితాల్లో మాత్రం ఎక్కడా నా పేరు లేదు. మన ఊళ్లలో భార్యాభర్తలు కలిసి నడిపే షాపుల్లో నూటికి తొంభై ఇలాగే ఉంటాయని నా అనుభవం.

2024 జూన్‌లో మా ఆయన గుండెపోటుతో పోయారు. వయసు 51. పెద్దకర్మ అయ్యాక షాపు తెరిచాం. పనివాళ్లందరూ వచ్చారు, ఒక్కరూ మానలేదు. రెండు అపార్ట్‌మెంట్ల గ్రిల్లుల పని సగంలో ఉంది. ఒక గోడౌన్‌కు షట్టర్లు బిగించడం అయిపోయింది, డబ్బు రావాలి. ఆ డబ్బు వస్తే పనివాళ్లకు కూలి ఇవ్వొచ్చనుకున్నాను. గోడౌన్ కాంట్రాక్టరు మంచి మనిషి. "వదినగారూ, బిల్లు పంపండి, వెంటనే వేస్తాను" అన్నారు. అసలు చిక్కు అక్కడ మొదలైంది.

జీఎస్టీ నంబరులో 15 అక్షరాలు, అంకెలు ఉంటాయి. మొదటి రెండు అంకెలు రాష్ట్రానివి, ఆంధ్రప్రదేశ్‌కు 37. తర్వాతి పదీ యజమాని పాన్ నంబరు. సొంత పేరు మీద నడిపే వ్యాపారానికి వేరే పాన్ ఉండదు. మనిషిదే వ్యాపారానిది. అందుకని మనిషి పోతే ఆ జీఎస్టీ నంబరు ఇంకొకరి పేరుకు మారదు. దాన్ని రద్దు చేయించాలి, వారసులు తమ పాన్‌తో కొత్త నంబరు తీసుకోవాలి. 2019 మార్చి 28న కేంద్ర పరోక్ష పన్నుల బోర్డు ఇచ్చిన 96వ సర్క్యులర్‌లో ఈ పద్ధతి రాసి ఉంది. ఆ సర్క్యులర్ సంగతి నాకు మా ఆడిటర్ గారు చెప్పేదాకా తెలియదు. తెలిసి ఉండాల్సిన మరి కొందరికీ తెలియదు.

పాత నంబరు మీద బిల్లు రాయకూడదు. కొత్త నంబరు ఇంకా రాలేదు. కాంట్రాక్టరుకు బిల్లు లేకుండా డబ్బు వేసే వీలు లేదు. ఐరన్ షాపు యజమాని మా ఆయన మీద గౌరవంతో అప్పుమీద సరుకు ఇస్తానన్నారు. బిల్లు ఏ నంబరు మీద రాయాలో ఆయనకూ తెలియలేదు. పని ఉంది, పనివాళ్లున్నారు, ఇనుము ఇచ్చేవాళ్లున్నారు, డబ్బు ఇచ్చేవాళ్లున్నారు. షాపు మాత్రం చట్టం దృష్టిలో లేదు.

ఇక ఓటీపీల సంగతి. ఏ పోర్టల్ తెరిచినా ఓటీపీ మా ఆయన ఫోనుకే వెళ్తుంది. ఆయన సిమ్‌కు నేను రీచార్జి చేయిస్తూ వచ్చాను కాబట్టి సరిపోయింది. లేదంటే సంబంధిత అధికారికి దరఖాస్తు పెట్టి, ఆయన పరిశీలించి, వారసుల మొబైల్ నంబరు, మెయిలు మార్చేదాకా ఆగాలి. మా వీధిలో ఒకావిడ భర్త పోయిన నెలలోనే ఖర్చెందుకని ఆ సిమ్ ఆపేసింది. ఆమె పడ్డ టెన్షన్ నేను కళ్లారా చూశాను. భర్త పోయిన ఆడమనిషి ముందుగా కాపాడుకోవాల్సింది ఆయన సిమ్ కార్డును అని చెప్పాల్సి రావడం ఎంత బాధాకరం! ఆ సిమ్ మీదికే రిటర్న్ వేయలేదనీ, ఆలస్య రుసుము పడుతుందనీ మెసేజులు వచ్చేవి, ఆయన పేరు పెట్టి మరీ.

దీనికంటే ప్రమాదకరమైంది ఇంకోటుంది. చిన్న వ్యాపారుల ఇళ్లలో అందరికీ తెలియాలి కాబట్టి కాస్త వివరంగా రాస్తాను. మేం ఇనుము కొన్నప్పుడు 18 శాతం పన్ను కట్టి కొంటాం. నాలుగు లక్షల సరుకు కొంటే 72 వేలు పన్ను. మేం గేటు అమ్మినప్పుడు వసూలు చేసే పన్నులోంచి దాన్ని మినహాయించుకుంటాం. దాన్నే ఇన్‌పుట్ క్రెడిట్ అంటారు. యజమాని పోయేనాటికి ఆ ఖాతాలో మిగిలిన క్రెడిట్ వారసులకు రావాలంటే ఒక వరుస ఉంది. ముందు వారసులు కొత్త రిజిస్ట్రేషన్ తీసుకోవాలి. తర్వాత పాత లాగిన్‌లోంచి ఐటీసీ-02 అనే ఫారం వేయాలి, దానికి చార్టర్డ్ అకౌంటెంట్ సర్టిఫికెట్ జత చేయాలి. కొత్త లాగిన్‌లోంచి దాన్ని ఒప్పుకోవాలి. అదంతా అయ్యాకే పాత నంబరు రద్దుకు వెళ్లాలి. రద్దయ్యాక మూడు నెలల్లోగా ఆఖరి రిటర్న్ వేయాలి. ఈ వరుస తప్పి, మనిషి పోయాడు కదా అని ముందే రద్దు చేయించారో, ఆ క్రెడిట్ రాబట్టుకోవడం గగనమే. మా ఆడిటర్ గారు జాగ్రత్తపరులు కాబట్టి మా డబ్బు దక్కింది. ఆడిటర్ లేని కిరాణా కొట్టు ఇల్లాలికి ఈ వరుస ఎవరు చెబుతారు? రద్దు దరఖాస్తు తెరిచి, కారణం దగ్గర యజమాని మరణం అని ఎంచుకోగానే "ముందు క్రెడిట్ బదిలీ చేసుకున్నారా?" అని తెలుగులో ఒక్క వాక్యం కనిపించేలా చేయొచ్చు. దానికి చట్టం మార్చాల్సిన పని కూడా లేదు.

జీఎస్టీ చట్టంలోనే 93వ సెక్షన్ ఉంది. చనిపోయిన వ్యక్తి కట్టాల్సిన పన్ను, వడ్డీ, పెనాల్టీ ఏమైనా ఉంటే ఆ వ్యాపారం కొనసాగించే వారసులే కట్టాలని అది చెబుతుంది. నాకు దాని మీద ఫిర్యాదు లేదు, న్యాయమే. బాకీ దానంతట అది వారసుల మీదికి వస్తున్నప్పుడు, బిల్లు రాసుకునే హక్కు మాత్రం దానంతట అది ఎందుకు రాకూడదు? నా ఉత్తరం మొత్తం ఈ ప్రశ్న కోసమే.

జీఎస్టీ ఒక్కటే అయితే ఇంత రాసేదాన్ని కాదు. ట్రేడ్ లైసెన్సు, షాపుల చట్టం రిజిస్ట్రేషన్, కరెంటు మీటరు, ఇనుము తూచే కాటాకు ఏటా వేయించే ముద్ర, చిన్న సంస్థలకు కేంద్రం ఇచ్చే ఉద్యమ్ నంబరు, బ్యాంకులో కరెంట్ అకౌంటు, షెడ్డు లీజు, ఇలా అన్నీ ఆయన పేరు మీదే. ఒక్కొక్కచోటా డెత్ సర్టిఫికెట్, ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్ ఇచ్చాను. అవి ఇవ్వడం సబబే. కానీ చాలా చోట్ల అంతటితో సరిపెట్టుకోలేదు. మిగతా వారసులకు అభ్యంతరం లేదని స్టాంపు పేపరు మీద రాయించి నోటరీ చేయించి తెమ్మన్నారు. హిందూ వారసత్వ చట్టం ప్రకారం భార్య, పిల్లలతో పాటు తల్లి కూడా వారసురాలే. మా అత్తగారికి 78 ఏళ్లు. చదువు లేదు, వేలిముద్ర వేస్తారు. ఒక ఆఫీసుకు ఇచ్చిన కాగితం ఇంకో ఆఫీసుకు పనికిరాదు, ఎవరి నమూనా వాళ్లది. కొత్త కాగితం తెచ్చినప్పుడల్లా అందులో ఏం రాసి ఉందో ఆవిడకు చదివి వినిపించాలి. "నా కుమారుడు కీర్తిశేషులైనందున..." అని మొదలవుతుంది ప్రతి కాగితమూ. ఆ మాట చదివిన ప్రతిసారీ ఆవిడ ముఖం చూడలేకపోయేదాన్ని. ఒకసారైతే ఇంక్ ప్యాడ్ మీద పెట్టిన బొటనవేలు తీయకుండా అలాగే ఉండిపోయారు. ఎంతసేపటికో "ఇంకా ఎన్ని ఉన్నాయే అమ్మాయ్" అని అడిగారు.

అన్ని ఆఫీసులకూ చెల్లే ఒక్క కాగితం ఉంటే ఆ తల్లి ఒక్కసారి వేలిముద్ర వేసేది. కాగితాల భారం అంటే ఫీజులు, గడువులేనని అనుకునే పెద్దలు ఈ సంగతి కూడా లెక్కలోకి తీసుకోవాలని చేతులు జోడించి అడుగుతున్నాను.

ఉద్యోగులను నిందించడానికి ఇది రాయడం లేదు. ఒక ఆఫీసులో ఒక జూనియర్ అసిస్టెంట్ అమ్మాయి తన మధ్యాహ్న భోజనం మానుకుని నా ఫైలు పూర్తి చేసి పంపింది. ఇంకో చోట ఆఫీసరు గారే చెప్పారు, "అమ్మా, నా కంప్యూటర్‌లో పేరు మార్పు అనే దారి లేదు, కొత్త దరఖాస్తు అనే ఉంది, నేనేం చేయను" అని. ఆయన మాట నిజం. కొత్త దరఖాస్తు పెడితే కొత్త ఫీజు, కొత్త ఫోటోలు, మళ్లీ షెడ్డు కొలతలు. షెడ్డు ఎక్కడికీ పోలేదు, కొలతలు మారలేదు, మిషన్లు అవే. పేరు ఒక్కటే మారింది.

ఇన్ని చేశాక నా పేరు మీద అన్నీ వచ్చాయి. అప్పుడు ఇంకో కష్టం బయటపడింది. కాగితాల ప్రకారం మా షాపు వయసు కొన్ని నెలలు. ఉద్యమ్ రిజిస్ట్రేషన్ నిజంగా మంచి పని, 2020 జూలై 1 నుంచి ఆధార్, పాన్ ఉంటే ఇంట్లో కూర్చుని ఉచితంగా చేసుకోవచ్చు. నాకూ సులువుగానే వచ్చింది. కానీ అది కొత్త నంబరు. పాత నంబరు కింద ఉన్న టర్నోవరు, పందొమ్మిదేళ్ల చరిత్ర దాంట్లోకి రాలేదు. కొత్త కటింగ్ మిషను కొనడానికి లోను అడిగితే మూడేళ్ల రిటర్నులు, బ్యాలెన్స్ షీట్లు అడిగారు. మా ఆయనవి చూపించాను. "అవి వేరే వ్యక్తివి కదా" అన్నారు. ఒక ప్రభుత్వ భవనం పనిలో సబ్ కాంట్రాక్టు వచ్చేది, అనుభవం చూపలేక అదీ పోయింది. గ్రిల్లులు వెల్డింగ్ చేసే చేతులు అవే, కొలతలు రాసుకున్న పుస్తకమూ అదే. మహిళా పారిశ్రామికవేత్తలను ప్రోత్సహిస్తామని ఒకవైపు చెబుతూ, భర్త పోయాక నిలబడి షాపు నడిపే ఆడవాళ్ల అనుభవాన్ని సున్నా చేయడం ఏం న్యాయం?

మాలాంటి వాళ్లు ఏ కొద్దిమందో అనుకోవద్దు. 2015-16లో జరిగిన జాతీయ నమూనా సర్వే 73వ విడత ప్రకారం దేశంలో చిన్న, సూక్ష్మ సంస్థలు 6.3 కోట్లకు పైగా ఉన్నాయి. వాటిలో దాదాపు 96 శాతం సొంత పేరు మీద నడిచేవే. అలాంటి వాటిలో ప్రతి ఐదింటికీ నాలుగు మగవాళ్ల పేరు మీద ఉన్నాయి. అంటే యజమాని కన్నుమూస్తే ఈ ఆఫీసుల మెట్లు ఎక్కేది ఎక్కువగా భార్యలే.

మార్గాలు లేక కాదు. మన చట్టాల్లోనే ఉన్నాయి, అక్కడక్కడా చెదురుగా.

లారీ పర్మిట్‌నే తీసుకోండి. 1988 నాటి మోటారు వాహనాల చట్టం 82వ సెక్షన్ ప్రకారం పర్మిట్ ఉన్నవాడు చనిపోతే, ఆ బండి ఎవరి చేతికి వచ్చిందో వాళ్లు 30 రోజుల్లో అధికారికి తెలియజేసి, మూడు నెలల పాటు అదే పర్మిట్ మీద బండి తిప్పుకోవచ్చు. ఆలోగా తమ పేరుకు మార్పించుకోవాలి. ఆహార వ్యాపారాల లైసెన్సులకు 2011లో వచ్చిన నిబంధనల్లోనూ యజమాని మరణించాక 90 రోజులు వారసుల కోసం లైసెన్సు చెల్లుతుందని పెట్టారు. లారీ ఆగిపోకూడదని, హోటల్ మూతపడకూడదని ఎవరో మంచి ఆలోచన చేశారు. వెల్డింగ్ షాపుకు, బట్టల కొట్టుకు, ప్రింటింగ్ ప్రెస్సుకు ఆ మూడు నెలలు ఎందుకు ఉండకూడదు?

2013 కంపెనీల చట్టంలో ఏకవ్యక్తి కంపెనీ అని ఒకటుంది. దాన్ని రిజిస్టర్ చేసేటప్పుడే నామినీ పేరు రాయాలి. యజమాని పోతే కంపెనీ ఆగదు, నామినీ చేతికి వస్తుంది. కానీ ఆడిట్లు, ఏటా దాఖలు చేసే కాగితాల ఖర్చు మాలాంటి వాళ్లు భరించలేరు. ఖర్చు పెట్టగలిగిన వాడికి ఉన్న ధీమా లేనివాడికి లేకుండా పోయింది.

బ్యాంకుల విషయంలో రిజర్వు బ్యాంకు చేసిన పని నాకు చాలా నచ్చింది. చనిపోయిన ఖాతాదారుల క్లెయిములను కాగితాలన్నీ అందిన 15 రోజుల్లో పరిష్కరించాలని, దేశమంతా ఒకే రకం ఫారాలు వాడాలని, బ్యాంకు ఆలస్యం చేస్తే వారసులకు పరిహారం చెల్లించాలని 2025 సెప్టెంబరులో ఆదేశాలు ఇచ్చింది. 2026 మార్చి 31లోగా అమలు చేయమంది. మా ఆయన పోయేనాటికి అది లేదు. నాకు అందకపోయినా నా తర్వాత వచ్చే వాళ్లకు అందుతుంది, సంతోషం. ఒకే ఫారం, ఒక గడువు, ఆలస్యానికి జవాబుదారీ. ఈ మూడూ బ్యాంకులకు సాధ్యమైనప్పుడు మున్సిపాలిటీలకూ పన్నుల శాఖకూ కరెంటు కంపెనీలకూ సాధ్యమే.

అన్నిటికంటే పెద్ద అవకాశం జనన మరణాల నమోదు చట్టంలో ఉంది. 1969 నాటి ఆ చట్టాన్ని 2023లో సవరించారు, అక్టోబరు 1 నుంచి అమల్లోకి వచ్చింది. దేశమంతటికీ ఒక మరణాల డేటాబేస్ ఉండాలని, దాన్ని ఓటర్ల జాబితా, ఆధార్, రేషన్ కార్డు, పాస్‌పోర్టు, డ్రైవింగ్ లైసెన్సు, ఆస్తి రిజిస్ట్రేషన్ల వివరాలను సరిచేసుకోవడానికి వాడుకోవచ్చని అందులో రాశారు. కేంద్రం నోటిఫై చేస్తే ఇతర జాతీయ డేటాబేసులకు కూడా ఇవ్వొచ్చన్నారు. అంటే జీఎస్టీని, ఉద్యమ్‌ను అందులో చేర్చడానికి ఒక నోటిఫికేషన్ చాలు. పైగా పాన్‌నే వ్యాపారాలన్నిటికీ ఉమ్మడి గుర్తింపుగా వాడతామని 2023 బడ్జెట్‌లోనే చెప్పారు. మరణం నమోదైన రోజునే ఆ పాన్‌తో ఉన్న రిజిస్ట్రేషన్లన్నీ గుర్తించి, రిటర్న్ నోటీసులు ఆపి, "మీ కుటుంబంలో వ్యాపారం కొనసాగించేవారు ఎవరు?" అని అడిగే ఏర్పాటు చేయొచ్చు. ఇప్పుడైతే ఒక శాఖ ఆయన మరణ ధ్రువీకరణ పత్రం ఇస్తే, ఇంకో శాఖ ఆయన పేరుకే నోటీసు పంపిస్తోంది.

2025 నవంబరు 1 నుంచి తక్కువ రిస్కు ఉన్న కొత్త దరఖాస్తుదారులకు మూడు పనిదినాల్లో జీఎస్టీ రిజిస్ట్రేషన్ ఇస్తున్నారు. ముక్కూ మొహం తెలియని కొత్తవాడికి మూడు రోజుల్లో ఇవ్వగలిగినప్పుడు, ఏళ్ల తరబడి పన్ను కడుతున్న షాపును వారసుల పేరుకు మార్చడం అంతకంటే తేలిక కావాలి కదా.

అందుకని జీఎస్టీ కౌన్సిల్‌కు నా మనవి: రిజిస్ట్రేషన్ ఫారంలో నామినీ పేరు రాసే గడి ఒకటి పెట్టండి. యజమాని మరణిస్తే ఆరు నెలల పాటు, కనీసం లారీ పర్మిట్‌లాగా మూడు నెలలైనా, నామినీ అదే నంబరు మీద బిల్లులు రాసుకుని, పన్ను కట్టి, బాకీలు వసూలు చేసుకోనివ్వండి. ఆ గడువులో ఆలస్య రుసుములు వేయకండి. కొత్త నంబరు వచ్చాక పాత నంబరు చరిత్రను దానికి ముడిపెట్టండి, బ్యాంకులు దాన్ని ఒప్పుకోవాలని చెప్పండి. నామినీ అంటే ఆస్తికి వారసుడని కాదు. ఆస్తి పంపకాలు చట్టం ప్రకారం తర్వాత జరుగుతాయి. అప్పటిదాకా షట్టరు దించకుండా చూసే మనిషి అని మాత్రమే.

రాష్ట్ర ప్రభుత్వానికి కూడా ఒక మాట. పరిశ్రమలకు అనుమతులన్నీ ఒకేచోట ఇచ్చే సింగిల్ డెస్క్ పోర్టల్ 2015 నుంచి ఉంది. తెలంగాణలో పరిశ్రమల అనుమతుల కోసం టీఎస్ ఐపాస్ చట్టం 2014లోనే వచ్చింది, భారీ ప్రాజెక్టులకు 15 రోజులు, మిగతావాటికి 30 రోజుల గడువు పెట్టింది. ఇలాంటి గడువే వారసత్వ మార్పిడికి కూడా పెట్టండి. వాట్సాప్‌లో సేవలు ఇస్తున్న రాష్ట్రం మనది. మున్సిపాలిటీ, కార్మిక శాఖ, తూనికలు కొలతలు, విద్యుత్తు, ఈ నాలుగింటికీ కలిపి ఒకే దరఖాస్తు, ఒకే అభ్యంతరం లేదనే పత్రం, ఒకే వేలిముద్ర ఉండాలి. ఇది రాష్ట్రం చేతిలో ఉన్న పని. ఢిల్లీ వైపు చూడక్కర్లేదు.

నిబంధనలన్నీ ఎత్తేయమని అడిగేవాళ్లలో నేను లేను. వెల్డింగ్ పనిలో ఎర్తింగ్ సరిగా లేకపోతే ప్రాణం పోతుంది, గ్యాస్ సిలిండర్ దగ్గర నిప్పురవ్వ పడితే షెడ్డే ఉండదు. 2020 మే 7 తెల్లవారుజామున విశాఖలో ఎల్జీ పాలిమర్స్ నుంచి లీకైన స్టైరీన్ గ్యాస్‌కు ఎంతమంది బలయ్యారో మరిచిపోలేదు. తనిఖీ చేసేవాళ్లు రావాలి, మా షెడ్డులోకి కూడా రావాలి. వచ్చి మా వైరింగ్ చూడాలి, పనివాళ్ల కళ్లద్దాలు చూడాలి. భారం తగ్గించడమంటే ఆ తనిఖీని తగ్గించడం కాదు. ప్రాణాలు కాపాడే కాగితాన్ని ఉంచి, ఒకే విషయాన్ని పదిచోట్ల చెప్పించే కాగితాన్ని తీసేయాలి.

చివరిగా, చట్టాలు మారేదాకా మన ఇళ్లలో చేసుకోగలిగింది ఒకటుంది. ఈ ఉత్తరం చదువుతున్న షాపుల వాళ్లు దయచేసి ఈ వారంలోనే చేయండి. జీఎస్టీ పోర్టల్‌లో యజమానితో పాటు ఇంకొకరిని అధీకృత సంతకందారుగా చేర్చే వీలుంది. భార్యనో, పెద్దైన కొడుకునో, కూతురినో వాళ్ల సొంత మొబైల్ నంబరుతో చేర్చండి. బ్యాంకు ఖాతాకు నామినీ ఉందో లేదో చూసుకోండి. ఏ లైసెన్సు ఎవరి పేరు మీద ఉంది, ఏ తేదీకి రెన్యువల్, ఏ మెయిలుతో లాగిన్ అన్నది ఒక పుస్తకంలో రాసి, లెక్కలు చూసే మనిషికి చెప్పి పెట్టండి. క్రెడిట్ బదిలీ కాకుండా పాత నంబరు రద్దు చేయించవద్దన్న సంగతి కూడా ఆ పుస్తకంలోనే రాసుకోండి. మా అబ్బాయి గుంటూరులో ఇంజినీరింగ్ చదువుతున్నాడు, నా రిజిస్ట్రేషన్‌లో వాడి పేరు చేర్చాను.

ఇట్లు,
ఒక వెల్డింగ్ షాపు యజమానురాలు,
తెనాలి, గుంటూరు జిల్లా.